పలు చైనులపై ఒకే ఒప్పందము



హైదరాబాదు నుండి ముంబయి రహదారిపై పడమరగా పయనించువారికి మొదట రామచంద్రాపురమున భెల్ కర్మాగారపు దీర్ఘమైన ప్రహరీయు, పిదప పటాన్‌చెరువున 1972లో వెలసిన ఇక్రిశాట్ వారి పరిశోధనా క్షేత్రములును కానవచ్చును. ఆ మార్గమున కిరువైపుల, కొంత చేరువగను కొంత దవ్వుగను, పాశమైలారము, బొల్లారము, కాజీపల్లి, బొంతపల్లి మున్నగు గ్రామములందు ఔషధ రసాయనములను తయారుచేయు కర్మాగారములు వ్యాపించి యున్నవి. వానిని దాటి సంగారెడ్డి సమీపించునప్పటికి, 2008లో ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికముగా తరగతులు ప్రారంభించి, తరువాత సొంత భవనములకు తరలివచ్చిన హైదరాబాదు ఐఐటీ కంది గ్రామమున దర్శనమిచ్చును. షిఫ్టు వేళకు కర్మాగారమునకు పోవువారును, ల్యాప్‌టాపు సంచితో కందికి పోవువారును ఒకే దారిని పోవుచు, ఒకరి పని యొకరికి తెలియకయే కాలము గడుపుట కద్దు.

నేటి ప్రసంగ విషయము ఆ రెండవవారి విద్యకు చెందినది. దానిని విశదపరచుటకు నేను గైకొనిన ఉదాహరణము మొదటివారి గోదాములకు చెందినది. స్మార్ట్ కాంట్రాక్టు అను యంత్రపాలితమైన ఒప్పందమును ఒక్క బ్లాక్‌చైనుపై గాక, అయిదారు చైనులపై, ఒకే స్క్రిప్టు సహాయమున నెలకొల్పుట యెట్లు, అందు ఎదురగు చిక్కులేవి అనునదే ఆ విషయము.

స్మార్ట్ కాంట్రాక్టు అను భావనను నిక్ సాబో అను అమెరికా పండితుడు గత శతాబ్దపు చివరి దశకముననే ప్రతిపాదించెను. తెలుగువారికి దీనిని బోధపరచుటకు చిట్టీని మించిన ఉదాహరణము దొరకదు. నెలనెలా వాయిదా కట్టుట, పాట జరుపుట, ఎక్కువ తరుగునకు పాడినవానికి సొమ్ము చెల్లించుట, ఫోర్‌మన్ కమీషను పోగా మిగిలిన తరుగును సభ్యులకు పంచుట, ఇవన్నియు ముందుగా వ్రాసికొన్న నియమములే. వానిని నడుపు మనుష్యునిపై నమ్మకముండుటయే చిట్టీకి ప్రాణము, ఆ నమ్మకము తప్పినప్పుడు కుటుంబములు వీధిని పడుటయు మన మెరిగినదే. ఆ నియమములనే ప్రోగ్రాముగా వ్రాసి, ఏ యొక్కరి చేతిలోను లేక పలువురి కంప్యూటర్లలో ఏకకాలమున నిలిచి యుండు ఖాతాపుస్తకములో, అనగా బ్లాక్‌చైనులో, దానిని నాటినచో, అది స్మార్ట్ కాంట్రాక్టు అగును. తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ వారు టి-చిట్స్ అను పేర చిట్ ఫండ్ వ్యవహారములకు బ్లాక్‌చైనును వినియోగించుటకు పూనుకొనిరి. 2018 ఆగస్టున హైదరాబాదులో అంతర్జాతీయ బ్లాక్‌చైన్ మహాసభ జరిగిన తరుణముననే, నగరమున బ్లాక్‌చైన్ డిస్ట్రిక్ట్ ఏర్పాటునకై రాష్ట్ర ప్రభుత్వము టెక్ మహీంద్రా సంస్థతో ఒప్పందము చేసికొనెను. కావున ఈ మాట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు.

ఈ ఒప్పందములకు విశాలమైన వేదికను కల్పించినది ఎథీరియం. విటాలిక్ బుటెరిన్ అను పందొమ్మిదేండ్ల యువకుడు 2013 చివర దానిని సంకల్పించెను. 2015 జూలై 30న అది నడక ప్రారంభించెను. సాలిడిటీ అను భాషలో ఒప్పందమును వ్రాసి, కంపైలరు చేత యంత్రభాషలోనికి మార్చి, ఆ బైటుల వరుసను ఒక లావాదేవీలో నుంచి చైనునకు పంపుదురు. ఇందొక విశేషము కలదు. సాధారణమైన లావాదేవీలో సొమ్ము ఎవరికి చేరవలెనో ఆ చిరునామా వ్రాయబడి యుండును. ఒప్పందమును నాటు లావాదేవీలో ఆ గడి ఖాళీగా నుండును. గ్రహీత లేని ఆ లావాదేవీని చూచినంతనే చైను, ఇది క్రొత్త ఒప్పందపు జననమని గ్రహించి, దానికొక చిరునామాను తానే లెక్కగట్టి కేటాయించును. ఇందుకు గ్యాస్ అను రుసుము చెల్లింపవలెను. నాటిన ప్రతి బైటునకు 200 గ్యాస్ చొప్పున లెక్క. ఒక ఒప్పందము 24,576 బైటులను మించరాదను హద్దును 2016లోనే విధించిరి.

ఇక పటాన్‌చెరువు సంగతి. బాలానగరమున సోవియట్ సహాయముతో వెలసిన ఐడీపీఎల్ కర్మాగారమున పని నేర్చినవారు బయటికి వచ్చి సొంత పరిశ్రమలు స్థాపించుటతో ఈ ప్రాంతమున బల్క్ డ్రగ్ వ్యాపారము వర్ధిల్లెను. అక్కడ కొంతకాలము పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించుట లోకవిదితము. ఇచ్చట తయారగు మందుపొడి మాత్రగా గాక, డ్రమ్ములలో నిండి దేశదేశములకు పోవును. అట్టి డ్రమ్ము లేబులుపై క్యూఆర్ కోడు ఉండి తీరవలెనను నిబంధన 2023 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. మందు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, బ్యాచ్ పరిమాణము, తయారీ తేది, గడువు లేక పునఃపరీక్ష తేది, లైసెన్సు సంఖ్య, నిలువచేయుటలో పాటింపవలసిన ప్రత్యేక నియమములు మొదలగునవన్నియు ఆ నల్లని చుక్కల చతురస్రములో ఇమిడి యుండును.

ఈ నిబంధన బ్లాక్‌చైనును కోరలేదు. నిజము పలుకవలెనన్న, సామాన్యమైన డేటాబేసు చాలుచోట బ్లాక్‌చైనును దెచ్చి నిలుపుట ఆడంబరమేయని నా అభిప్రాయము. అయినను అమ్మకందారు, కొనుగోలుదారు, మధ్యనున్న వర్తకుడు, ఎవరును ఎదుటివాని డేటాబేసును నమ్మనిచోట, బ్యాచ్ నివేదికయొక్క సంక్షిప్త ముద్రను, అనగా హాషును, ఎవరును తుడిచివేయలేని ఖాతాలో నమోదు చేయుట కొంత అర్థవంతమగును. అట్టి నమోదు ఒప్పందమును ఒక సంస్థ ఎథీరియం, పాలిగాన్, ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్, అవలాంచి అను ఆరు చైనులపై నాటదలచిన దనుకొందము. ఆరెందులకు అని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. 2021 ప్రాంతమున ఎథీరియంపై రుసుములు దుర్భరములై, చిన్న లావాదేవీలు చేయువారు తక్కిన చైనులకు చెదరిపోయిరి. నాటినుండి కొనుగోలుదారు ఏ చైనుపై నున్నాడో ఆ చైనుపైననే అమ్మకందారును ఉండవలసిన స్థితి యేర్పడెను.

మానవుడే ఈ ఆరింటిని ఒక్కొక్కటిగా నాటవచ్చును. కాని ఆరు చైనులకు ఆరు నోడులు, అనగా చైనును నడుపు కంప్యూటర్లు, ఆరు గుర్తింపు సంఖ్యలు, మూడు విధముల రుసుము నాణెములు ఉన్నవి. ఎథీరియం, ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ ఈథరును గ్రహించును, పాలిగాన్ పోల్‌ను, అవలాంచి అవాక్స్‌ను కోరును. కావున హార్డ్‌హ్యాట్, ఫౌండ్రీ వంటి సాధనములతో స్క్రిప్టు వ్రాయుదురు. మంచి స్క్రిప్టు చైనును చేరిన వెంటనే ఒప్పందమును నాటదు. ముందుగా, నీవెవరవని నోడును ప్రశ్నించును. ఎథీరియం 1 అనియు, ఆప్టిమిజం 10 అనియు, పాలిగాన్ 137 అనియు, బేస్ 8453 అనియు, ఆర్బిట్రమ్ 42161 అనియు, అవలాంచి 43114 అనియు బదులు చెప్పవలెను. జాబితాలో వ్రాసినదియు నోడు పలికినదియు సరిపోలనిచో అక్కడనే ఆగిపోవలెను. పరీక్ష కొరకు వాడు సెపోలియాకు బదులు అసలు ఎథీరియమునకు చిరునామా తగిలించి, నిజమైన సొమ్మును వెచ్చించుట యిట్టి ప్రశ్న వేయని స్క్రిప్టుల వలననే జరుగును. పిదప వాలెట్టులో రుసుమునకు సొమ్మున్నదా యని చూచును; ఒప్పందము పుట్టవలసిన చిరునామాలో ఇదివరకే ఏదైన కోడు ఉన్నదా యని చూచును; ఆ తరువాతనే పంపును. పంపి ఊరకుండక, రసీదు వచ్చువరకు వేచి, ఫలితమును ఫైలులో నమోదు చేసి, మూలగ్రంథమును ఆ చైను లావాదేవీలను చూపు ఎక్స్‌ప్లోరరు అను వెబ్‌సైటులో సరిచూపించును.

ఫైలులో నమోదు చేయుట అను ఆ చిన్న పనియే, నా దృష్టిలో, స్క్రిప్టునకు జీవనాడి. కర్మాగారములో పనిచేయు శ్రోతలకు బ్యాచ్ రికార్డు సంగతి నేను చెప్పనక్కరలేదు: రియాక్టరులో ఏ ద్రావణిని ఏ వేళకు పోసిరో, ఉష్ణోగ్రత ఎంత యుండెనో, ఎవరు చేసిరో, ఎవరు సరిచూచిరో, అడుగడుగునకు సంతకముతో వ్రాయబడి యుండును, నడుమ కరెంటు పోయినను, షిఫ్టు మారినను, వచ్చినవాడు ఆ కాగితమును చూచి ఆగినచోటు నుండియే కొనసాగించునుగాని పోసిన ద్రావణిని మరల పోయడు. ఆరు చైనులలో నాలుగింట ఒప్పందము నెలకొని, ఐదవదానియందు నోడు పలుకక స్క్రిప్టు తెగిపోయిన సమయమున ఈ రికార్డు లేకున్నచో, రెండవసారి నడిపినవాడు మొదటి నాలుగింటను మరియొక జంట ఒప్పందమును నాటి, ఏది అసలో ఏది నకలో తెలియని అవస్థను కొనితెచ్చుకొనును. ఒకే చైనుపై లావాదేవీ అయినచో మొత్తము జరుగును, లేదా మొత్తము వీగిపోవును. ఆరు చైనుల నడుమ అట్టి కట్టుబాటు లేదు. నాటిన నాలుగింటిని పెరికివేయు ఉపాయమును లేదు. మిగిలిన రెండింటిని పూర్తిచేయుట యొక్కటే మార్గము. ఫౌండ్రీ తాను పంపిన లావాదేవీలను చైను సంఖ్య పేరుగల ఫోల్డరులలో విడివిడిగా దాచుటకు కారణ మిదియే.

ఆరు చైనులకును ఒకేసారి పంపరాదా యన్న, పంపవచ్చును. ప్రతి వాలెట్టునకు ప్రతి చైనుపైన నాన్స్ అను వరుససంఖ్య వేరువేరుగా నడచును గనుక ఒకదానికొకటి అడ్డురాదు. ఒకే చైనుపైని పనులు మాత్రము వరుస తప్పరాదు. చైను లోపల సైతము ఎథీరియం ఒప్పందములను ఒకదాని వెంట నొకటిగానే నడుపును. ఆ వరుసను సడలించి, బహుకోర్ యంత్రములపై పలు ఒప్పందములను సమాంతరముగా నడుపుచు, ఫలితము మాత్రము చెడకుండ కాపాడు పద్ధతిని కంది ఐఐటీలోని ఆచార్య సత్య పేరిగారును వారి శిష్యులును 2019లో ఒక పరిశోధనా పత్రమున ప్రతిపాదించిరి. లావాదేవీల కట్టయగు బ్లాకును తయారుచేయువాడు ఏ లావాదేవీ దేనికి ముందు జరుగవలెనో తెలుపు ఒక గ్రాఫును బ్లాకుతోపాటు పంపును. సరిచూచువాడు దాని నాధారము చేసికొని తానును సమాంతరముగా నడుపును. పటాన్‌చెరువునకు బస్సు దూరములో జరిగిన పని గనుక ప్రస్తావించితిని.

ఇక ఈ విద్యలో అత్యంత రసవత్తరమైన ఘట్టము చిరునామా. సామాన్య పద్ధతిలో ఒప్పందపు చిరునామా రెండింటిపై ఆధారపడును: నాటువాని చిరునామా, అతని నాన్స్. క్రొత్త వాలెట్టుతో ఆరు చైనులపైనను మొదటి లావాదేవీగా నాటినచో ఆరింటను ఒకే చిరునామా లభించును. ఒక్క పాలిగాన్‌పై మాత్రము పరీక్షకై ముందొక చిల్లర లావాదేవీ జరిపితిరేని అక్కడ చిరునామా మారిపోవును. ఒకే చిరునామా యుండుట వాడువారికి సుఖము. ఆ సుఖమే వారిని మోసగించును కూడ. ఒక చైనుపై నాది యైనది ఇంకొక చైనుపైనను నాదేయని మనస్సు భ్రమించును.

2022లో ఈ భ్రమ ఎంత ఖరీదైనదో లోకము చూచినది. ఆప్టిమిజం ఫౌండేషన్ వారు వింటర్‌మ్యూట్ అను వ్యాపారసంస్థకు 2 కోట్ల ఓపీ టోకెనులను ఇవ్వదలచి చిరునామా నడిగిరి. వింటర్‌మ్యూట్ వారు ఎథీరియంపై తమకున్న ఉమ్మడి సంతకాల ఖాతా చిరునామాను ఇచ్చిరి. అట్టి ఖాతా సామాన్యమైన వాలెట్టు కాదు, అదియు ఒక స్మార్ట్ కాంట్రాక్టే. ఎథీరియంపై దానిని నాటిరిగాని ఆప్టిమిజంపై నాటలేదు. ఫౌండేషన్ వారు ముందు రెండు పరీక్షా లావాదేవీలు పంపిరి, చేరినవను జవాబు రాగానే మిగిలిన మొత్తమును పంపిరి. టోకెనులు ఇల్లు కట్టని స్థలమునకు చేరినవి. ఇంతలో మూడవవా డొకడు, ఆ ఖాతాలను పుట్టించు ఫ్యాక్టరీ ఒప్పందమును ఎథీరియంపై నాటిన పాత లావాదేవీని యథాతథముగా తెచ్చి ఆప్టిమిజంపై మరల నడిపెను. 2016 నవంబరు నుండి లావాదేవీ సంతకములో చైను సంఖ్యను చేర్చు పద్ధతి వచ్చినది. చేర్చినచో ఒక చైను సంతకము మరొక చైనుపై చెల్లదు. ఆ పాత లావాదేవీలో చైను సంఖ్య లేదు గనుక అది ఆప్టిమిజంపైనను చెల్లినది. పిమ్మట వాడు ఆ ఫ్యాక్టరీ చేత వరుసగా ఖాతాలను పుట్టింపజేయుచు పోగా, సరిగా ఆ చిరునామా వంతు వచ్చినది. టోకెనులు వాని వశమైనవి. కొలది దినములకు వాడు 1 కోటి 70 లక్షల టోకెనులను తిరిగి యిచ్చివేయుట వింటర్‌మ్యూట్ వారి అదృష్టము. పరీక్షా లావాదేవీ 'చేరినది' అనుటకును, 'నేను దానిని తీసి ఖర్చు చేయగలను' అనుటకును గల భేదమును ఎవరును పరీక్షింపలేదు.

నాన్స్‌పై ఆధారపడు ఈ చిక్కును తొలగించుటకు క్రియేట్2 అను క్రొత్త పద్ధతి 2019 ఫిబ్రవరిలో ఎథీరియమునకు చేరినది. ఇందు చిరునామా నాటు ఫ్యాక్టరీ, సాల్ట్ అను ఒక ఎంపికచేసిన సంఖ్య, ఒప్పందపు బైటుల హాషు, ఈ మూడింటిపై ఆధారపడును. వినుటకు నిశ్చింతగా నున్నను ఇందును సూక్ష్మములు కలవు. సాలిడిటీ కంపైలరు బైటుల చివర మూలగ్రంథపు హాషును చేర్చును. కావున ప్రోగ్రాములో ఒక వ్యాఖ్యలోని అక్షరదోషమును దిద్దినను, ఒప్పందపు నడతలో రవ్వంత మార్పు లేకున్నను, చిరునామా సమూలముగా మారును. ఆ హాషును చేర్పవద్దని కంపైలరునకు చెప్పవలెను, లేదా ఆరు చైనులకును ఒక్కసారి కంపైలు చేసిన ఫైలునే వాడవలెను. నిర్మాణవేళ ఇచ్చు విలువలును ఆ హాషులో భాగములే. ఒక చైనునకు ఒక విలువయు వేరొకదానికి ఇంకొక విలువయు ఇచ్చినచో చిరునామాలు విడిపోవును.

ఆ ఫ్యాక్టరీ మాత్రము ఆరింటను ఒకే చిరునామాలో ఎట్లు వెలసినది? నిక్ జాన్సన్ అను నిపుణుని పేర ప్రసిద్ధమైన ఉపాయమొకటి కలదు: చైను సంఖ్య లేని లావాదేవీకి ఒక కల్పిత సంతకమును తగిలించినచో, ఎవరి వద్దను రహస్య కీ లేని చిరునామా నుండి అది పంపబడినట్లు లెక్క తేలును, ఆ చిరునామాకు రుసుము పంపి ఎవరైనను ఏ చైనుపైనైనను దానిని నడుపవచ్చును. వింటర్‌మ్యూట్ కథలో దొంగకు ద్వారము తెరచిన లోపమే ఇక్కడ సాధనమైనది! ఐతే చైను సంఖ్య లేని లావాదేవీలను నిరాకరించు నోడులును నేడు కలవు. అట్టి చోట ఈ ఉపాయము పారదు.

చైనులన్నియు ఎథీరియం భాషనే పలుకునని చెప్పుకొన్నను ప్రాంతీయ భేదములు లేకపోలేదు. 2023 ఏప్రిల్ 12న ఎథీరియమున జరిగిన షాంఘై మార్పుతో పుష్0 అను క్రొత్త ఆదేశము వచ్చినది. మరుసటి నెలలో వెలువడిన సాలిడిటీ 0.8.20 దానిని తనంతట వాడజొచ్చెను. ఆ ఆదేశమును అప్పటికి గ్రహింపని చైనులపై ఒప్పందములు పుట్టకయే వీగిపోయెను. ఆర్బిట్రమ్‌పై ఒప్పందము బ్లాకు సంఖ్య నడిగినచో వచ్చునది ఆర్బిట్రమ్ బ్లాకు సంఖ్య కాదు, ఇంచుమించుగా ఎథీరియం బ్లాకు సంఖ్య. దానిని గడియారముగా నమ్మి గడువులు లెక్కించిన ఒప్పందము అక్కడ వేరుగా నడచును. జీకేసింక్ అయితే తొలుత కంపైలరునే వేరుగా కోరెను, చిరునామాను వేరొక సూత్రముతో గట్టెను. అందుచే మన ఆరింటిలో దానిని చేర్పలేదు.

ఇంకొక చిక్కును చెప్పి ముగించెదను. 'నన్ను నాటినవాడే నా యజమాని' అని వ్రాసికొన్న ఒప్పందములు కోకొల్లలు. ఫ్యాక్టరీ ద్వారా నాటినప్పుడు నాటినది ఫ్యాక్టరీ. దానికి చేతులు లేవు, సంతకము లేదు. ఆ ఒప్పందము ఆరు చైనులపైనను శాశ్వతముగా అనాథయగును. కావున యజమాని చిరునామాను స్పష్టముగా ఇవ్వవలెను. ఆ యజమాని స్క్రిప్టు నడిపిన కుర్రవాని వాలెట్టు కారాదు, వాని రహస్య కీ ఎన్‌వీ అను అమరికల ఫైలులో సాదా అక్షరములతో పడియుండును. పలువురి సంతకములతో నడచు ఉమ్మడి ఖాతా కావలెను. ఆ ఉమ్మడి ఖాతా ఆరు చైనులపైనను నిజముగా నాటబడి యుండవలెను. స్క్రిప్టు ఆ చిరునామాలో కోడు ఉన్నదో లేదో చూచి, లేనిచోట అప్పగింపును నిలిపివేయవలెను.

మందుల వ్యాపారమున ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. ఏదైన బ్యాచ్‌లో దోషము బయటపడి రీకాల్ చేయవలసిన నాడు, ఆ బ్యాచ్ చెల్లదని ఆరు చైనులపైనను ప్రకటింపవలసినవాడు ప్రోగ్రామరు కాదు, నాణ్యతా విభాగపు అధికారి. కావున అసలు బ్యాచ్ ఒక్కటియు నమోదు కాకమునుపే, పరీక్షార్థమని పేరు పెట్టిన ఒక బ్యాచ్‌ను ఆరింటను నమోదు చేసి, ఆ అధికారులు తమ సంతకములతో తామే దానిని ఆరింటను రద్దుచేసి చూపవలెనని నేను పట్టుపట్టుదును. ఐదింట రద్దై, అవలాంచిపై మాత్రము సంతకము చెల్లకున్నచో, ఆ సంగతి గోదాములో డ్రమ్ములు కదలకమునుపే తెలియును.